నాన్నగారి ఆటల చరిత్ర

చరిత్ర మనకు రెండు విధాలుగా చేరుతుంది. ఒకటి గ్రంథస్థమైనది. మరొకటి ఇంటి అరుగుమీద కూర్చున్న పెద్దల నోట వెలువడేది. మొదటిదానికి తేదీలుంటాయి, రెండవదానికి తీర్పులుంటాయి. మా నాన్నగారు ఈ రెండవ కోవకు చెందిన చరిత్రకారులు.

ఆయన 1929లో పుట్టారు, 2006లో కాలం చేశారు. ఉద్యోగజీవితమంతా పార్వతీపురం తాలూకా కచేరీలో గుమాస్తాగిరీతో గడిచింది. రాజకీయాలమీదా సాహిత్యంమీదా ఆయనకు అభిప్రాయాలు లేకపోలేదు గాని, ఎదుటి మనిషిని బట్టి వాటిని కొంత మెత్తబరచి పలికేవారు. ఆటల విషయంలో మాత్రం ఎవరి మొహమాటమూ లేదు. తహసీల్దారుగారైనా సరే, వియ్యంకులవారైనా సరే, ఆటమీద మాట వచ్చిందంటే నాన్నగారి తీర్పు వినవలసిందే.

ఎవరో ఎక్కడో గెలిచారని పత్రికలో పడితే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, రెండే రెండు ప్రశ్నలు వేసేవారు. "మైదానమెక్కడ? మాస్టారెవరు?" ఎన్ని పరుగులు, ఎన్ని గోల్స్, ఎంత బహుమానం అన్నవి ఆయనకు తరువాతి సంగతులు. ఆడుకోవడానికి చోటిచ్చినవారెవరు, ఆడడం నేర్పినవారెవరు అన్న రెండింటికీ సమాధానం దొరికితేనే ఆయన లెక్కలో అది విజయం. లేకపోతే "అదృష్టం" అని కొట్టిపారేసేవారు.

ఉద్యోగవిరమణ తరువాత దొరికిన తీరికలో నేను ఆయన తీర్పులను ఒక్కటొక్కటిగా గ్రంథస్థ చరిత్రతో సరిచూడడం మొదలుపెట్టాను. కొన్ని చెక్కుచెదరక నిలిచాయి. కొన్ని సగమే నిలిచాయి. ఒకటి మాత్రం ఆయన కళ్ళముందే కూలిపోయింది. దాని వెల మా ఇంట్లో ఒక మనిషి చెల్లించింది. అందుచేత ఈ వ్యాసాన్ని కేవలం పితృస్మృతిగా వ్రాయలేను. కొంత పరిశీలన కూడా అవసరం.

నాన్నగారి దృష్టిలో తెలుగువారి ఆటల చరిత్ర వీరఘట్టంలో మొదలవుతుంది. కోడి రామమూర్తి నాయుడుగారు పుట్టిన ఊరది. రొమ్ముమీదుగా ఏనుగును నడిపించుకోవడం, ఉక్కు గొలుసులను ఊపిరి బిగించి త్రెంచడం, బయలుదేరబోయే మోటారుకారును కదలనీయకుండా నిలబెట్టడం వంటి ప్రదర్శనలతో ఆయన దేశదేశాల్లో ప్రఖ్యాతులయ్యారు. కలియుగ భీముడని లోకం పిలుచుకున్నది. మా తాతగారు ఆ ప్రదర్శన స్వయంగా చూచినవారట. రామమూర్తిగారు 1942 జనవరిలో మరణించేనాటికి నాన్నగారు చిన్నపిల్లవాడు. ఆ వార్త వచ్చిననాడు వీధిలో పెద్దలందరూ గుమిగూడి ఏనుగు సంగతే చెప్పుకున్నారని ఆయన అనేవారు.

అయితే నాన్నగారి తీర్పు ఏనుగును గురించి కాదు. "ఏనుగు సంగతి అవతల పెట్టండి. ఆయన డ్రిల్లు మాస్టారు. అది చెప్పండి ముందు" అనేవారు. మాట నిజమే. రామమూర్తిగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, ఆ తరువాతనే సర్కసు పెట్టారు. నాన్నగారి బాధంతా అక్కడే. పిల్లలకు నేర్పవలసిన బలాన్ని టిక్కెట్టు పెట్టి చూపించుకోవలసి వచ్చిందే అని వాపోయేవారు. వెయ్యిమంది రామమూర్తులు తయారు కావలసిన చోట ఒక్క రామమూర్తి మిగిలాడని ఆయన అభియోగం.

ఇది సగమే నిలుస్తుంది. ఆ కాలాన్ని కొంచెం తలచుకోండి. భారతీయులు దుర్బలులు, తమను తాము ఏలుకోలేనివారు అని పాలకులు పుస్తకాల్లో వ్రాస్తున్న రోజులవి. దానికి జవాబుగానే వంగదేశంలోనూ మహారాష్ట్రంలోనూ వ్యాయామశాలలు స్వాతంత్ర్యోద్యమంతో కలిసి లేచాయి. అటువంటి వేళ ఒక తెలుగువాడు గుడారంలో వేలమంది ఎదుట గొలుసు త్రెంచడం వినోదమాత్రం కాదు. చూచినవాడు ఇంటికి వెళ్ళి నాలుగు దండాలు తీశాడంటే అదీ ఒక బోధనే. ఆ బడికి గోడలు లేవు, అంతే.

రెండవ తీర్పు క్రికెట్టుమీద. ఇందులో ఇద్దరు తెలుగువారు. ఇద్దరూ భారతజట్టు నాయకులే. నాన్నగారికి ఒకరు పూజ్యులు, మరొకరి పేరెత్తితే కోపం.

పూజ్యులు సి.కె. నాయుడుగారు. కొఠారి కనకయ్య నాయుడు అని పూర్తి పేరు పలికితే గాని ఆయనకు తృప్తి లేదు. 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టినా, మచిలీపట్నం నుంచి తరలివెళ్ళిన తెలుగు కుటుంబం వారిది. 1926 డిసెంబరులో బొంబాయి జిమ్‌ఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద ఆయన 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ఈ దేశస్థులు టెస్టుమ్యాచి ఆడదగినవారే అని అవతలివారికి నమ్మకం కలిగించిన ఘట్టాల్లో అది ముఖ్యమైనది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం తొలి టెస్టు ఆడినప్పుడు ఆయనే నాయకులు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో మనవారందరిలోకీ ఎక్కువగా 40 పరుగులు చేశారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఆ యాత్రకు అసలు నాయకులు పోరుబందరు మహారాజావారు. ఉపనాయకులు కూడా రాజకుటుంబీకులే. టెస్టుమ్యాచి దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ పక్కకు తప్పుకొని నాయకత్వాన్ని నాయుడుగారికి అప్పగించారు. "అదీ రాచరికం! తనకు రానిది రాదని తెలియడం" అని నాన్నగారు పోరుబందరువారిని మెచ్చుకొనేవారు.

కోపమంతా విజ్జీ మీద. విజయనగర రాజవంశీకులైన పూసపాటి విజయానంద గజపతిరాజుగారిని లోకం విజ్జీ అనే పిలిచింది. 1936 ఇంగ్లండు యాత్రకు ఆయన నాయకులయ్యారు. మూడు టెస్టుల్లో చేసినవి మొత్తం 33 పరుగులు. తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించివేశారు. అదే యాత్రలో ఉండగా ఆయనకు సర్ బిరుదం వచ్చింది. తిరిగివచ్చిన తరువాత ఏర్పడిన బ్యూమాంట్ సంఘం 1937లో ఆయన నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. ఆ యాత్రలోనే చివరి టెస్టులో, ఓవల్ మైదానంలో, నలభైయేళ్ళు నిండిన నాయుడుగారు బంతి దెబ్బ తిని కూడా వెనుదిరగక 81 పరుగులు చేశారు. అదే ఆయన చివరి టెస్టు.

"రాజుగారు మైదానమిస్తే పుణ్యం. బ్యాటు పుచ్చుకుంటే మన ప్రారబ్ధం" అని నాన్నగారి తీర్పు. విజయనగరం వైపు బంధువులు దీనికి చిన్నబుచ్చుకొనేవారు. మనవాడిని మనమే అంటే ఎలాగని. నాన్నగారు తగ్గేవారు కారు.

ఈ తీర్పు చాలావరకు నిలుస్తుంది. కాని అవతలి పక్షం కూడా చెప్పడం న్యాయం. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను తన ఖర్చుతో ఈ దేశానికి రప్పించి మనవారి సరసన ఆడించినవారు విజ్జీయే. 1947లో తన సర్ బిరుదాన్ని వదులుకున్నవారూ ఆయనే. తరువాత క్రికెట్టు బోర్డుకు అధ్యక్షులయ్యారు, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు, 1965లో మరణించారు. మైదానమిచ్చిన పుణ్యం ఆయన ఖాతాలో ఉన్నది. నేడు విజయనగరంలో విజ్జీ పేర క్రీడాప్రాంగణం ఉన్నది, శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేర మరొకటి ఉన్నది. రాజుగారి పేరు, డ్రిల్లు మాస్టారి పేరు పక్కపక్క జిల్లాల్లో సరిసమానంగా నిలిచాయి. కాలం నాన్నగారికంటె ఉదారమైన న్యాయమూర్తి అనుకోవాలి.

1983 జూన్ 25న అదే లార్డ్స్ మైదానంలో కపిల్ దేవ్ జట్టు ప్రపంచకప్పు గెలిచింది. ఊరంతా టపాకాయలు కాలుస్తుంటే నాన్నగారు తేదీ చూచి, "యాభైయొక్క ఏళ్ళ క్రితం ఇదే రోజు, ఇదే చోట నాయుడుగారు పూజ మొదలుపెట్టారు. ప్రసాదం ఈవేళ పంచుతున్నారు" అన్నారు. ఆ మాటకు నేను చేర్చవలసినది ఏమీ లేదు. తేదీ సరిపోయింది, భావమూ సరిపోయింది.

మూడవది ఫుట్‌బాల్. మా ప్రాంతంలో దానికి క్రికెట్టుకున్నంత పలుకుబడి లేదు. అయినా నాన్నగారి దృష్టిలో మన రాష్ట్రం చేసిన అతి గొప్ప క్రీడాకార్యం అదే; చేసినవాడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీంగారు 1909లో పుట్టారు. పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారతజట్టు రహీంగారి శిక్షణలో స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. చలిలో, బురదలో మనవారిలో పలువురు వట్టికాళ్ళతో ఆడారు. ఆ అవమానం తరువాతనే మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినాయి.

సరిగ్గా నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్‌లో, అదే రహీంగారి జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. ముందు గోలు మనదే. చివరకు 4-1తో ఓడినా, ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం దక్కింది. అంతకు మించి భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఎన్నడూ సాధించలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, ప్రేక్షకులంతా ఎదురుతిరిగి అరుస్తుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ ఆసియా స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీంగారిని క్యాన్సరు తినివేస్తున్నది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆయన పాఠం చెప్పే తీరు నాన్నగారికి కథలాగా తెలుసు. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి అన్న నియమంతో పోటీలు పెట్టేవారట. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకొని పరుగెత్తకూడదు, అందించవలసిందే అన్న నియమంతో మరికొన్ని. మేము తప్పు వ్రాసిన అక్షరాన్నే నూరుసార్లు దిద్దించే పంతులుగారి పద్ధతి కాక మరేమిటది! "కుడికాలు దేవుడిస్తాడు, ఎడమకాలు మాస్టారిస్తాడు" అని నాన్నగారు దానికొక సూత్రం కల్పించారు. నేను తరగతిగదిలో ముప్పైయేళ్ళపాటు ఈ వాక్యాన్ని వాడుకున్నాను. వెనుక బెంచీ పిల్లవాడికి ఛందస్సు చెప్పవలసి వచ్చినప్పుడల్లా అది నాకు ధైర్యం.

"ఒక మాస్టారు పోతే ఒక ఆటే పోయింది" అన్నది ఆయన తుదితీర్పు. ఇందులో కొంత అతిశయోక్తి ఉన్నది. ఆ కాలంలో మన దేశవాళీ పోటీలు 70 నిమిషాలే. ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతున్నది. జపాను, కొరియా వంటి దేశాలు శాస్త్రీయంగా శిక్షణవ్యవస్థలు నిర్మించుకుంటున్నాయి. మనం వ్యక్తులమీద ఆధారపడ్డాం. అయితే 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదన్నదీ వాస్తవమే. మాస్టారు పోతే ఆట పోయేటంతగా ఒక్క మాస్టారిమీద భారం వేసినవారిదే తప్పు అని తీర్పును సవరించుకుంటే చరిత్ర ఒప్పుకుంటుంది.

నాలుగవది చెడుగుడు. ఇది ఆయన స్వయంగా ఆడిన ఆట. కాబట్టి దీనిమీద మాట్లాడేటప్పుడు గొంతు మారేది. "ఒక గీత, ఒక ఊపిరి. ఇంకేం కావాలిరా? ఊపిరి అప్పు తెచ్చుకోలేవు, అరువివ్వలేవు" అనేవారు. బ్యాటు కొనలేని పిల్లవాడికీ, బూట్లు లేని పిల్లవాడికీ సమానంగా దక్కే ఆట అదొక్కటే అని ఆయన వాదం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ అమరావతి పట్టణపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు అక్కడ కబడ్డీ ప్రదర్శించి వచ్చారు. ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరడానికి 1990 దాకా పట్టింది. ఆ ఏడాది బీజింగులో మనవారు స్వర్ణం గెలిచినప్పుడు నాన్నగారు వీధిలో అందరికీ బెల్లంముక్కలు పంచారు. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటన్స్ అని మన పేర ఒక జట్టు ఉన్నదనీ, రంగురంగుల దీపాల కింద చాపల మీద చెడుగుడు ఆడుతున్నారనీ తెలిస్తే ఆయన ఏమనేవారో ఊహించగలను. "చాప బాగానే ఉంది. ఊళ్ళో గీత ఉందా?" అని అడిగేవారు.

ఇంతవరకు చెప్పిన తీర్పులన్నిటా ఒక న్యాయం ఉన్నది. మైదానం ఉన్నవాడికీ లేనివాడికీ, రాజుకూ బడిపంతులుకూ మధ్య నాన్నగారు ఎప్పుడూ లేనివాడి పక్షాననే నిలిచారు. ఇప్పుడు చెప్పబోయే తీర్పు దగ్గర ఆ త్రాసు ఒరిగిపోయింది.

మా అక్కను మేము ఉత్తరాంధ్ర అలవాటు ప్రకారం అప్ప అంటాము. నాకంటె నాలుగేళ్ళు పెద్దది. అప్ప పరుగెత్తేది. ఎంత బాగా పరుగెత్తేదంటే, 1971లో తొమ్మిదవ తరగతిలో ఉండగా తాలూకా పాఠశాలల పోటీల్లో నూరు మీటర్లలోనూ రెండువందల మీటర్లలోనూ మొదటిది వచ్చింది. జిల్లా పోటీలకు శ్రీకాకుళం పంపమని వ్యాయామోపాధ్యాయులు ఇంటికి వచ్చి అడిగారు. మా జిల్లా కేంద్రం అప్పట్లో శ్రీకాకుళమే. రెండు రాత్రులు అక్కడ ఉండాలి. నాన్నగారు మాస్టారికి కాఫీ ఇచ్చి, మర్యాదగా సాగనంపి, లోపలికి వచ్చి అప్పతో, "పరుగు ఆట కాదమ్మా, అవసరం. బస్సు తప్పిపోతుంటే పరుగెత్తుతాం. దానికి పోటీలెందుకు?" అన్నారు. అప్ప ఏమీ అనలేదు. ఆ మరుసటి ఏడాది పోటీలకు పేరే ఇవ్వలేదు.

ఆడపిల్లల ఆటలమీద ఆయన తక్కిన తీర్పులూ ఇలాగే ఉండేవి. బరువులెత్తడం ఒక ఆటా అన్నది అందులో ఒకటి. స్త్రీలకు ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు 1987లో మొదలైనాయి. ఆ వార్త చదివి, "బరువెత్తడం ఆటయితే మన స్టేషనులో కూలీలందరికీ పతకాలివ్వాలి. ఆడవాళ్ళు నూతినుంచి రోజూ ఎత్తేది ఏమిటి మరి?" అని నవ్వారు. రొమ్ముమీద ఏనుగునెత్తిన రామమూర్తిగారిని పూజించే మనిషి ఈ మాట ఎలా అనగలిగారో అప్పట్లో ఇంట్లో ఎవరమూ అడగలేదు.

1984 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో నాలుగువందల మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉషకు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం తప్పిపోయింది. దేశమంతా నిట్టూర్చింది. నాన్నగారు పత్రిక మడిచి, అలవాటు ప్రకారం రెండు ప్రశ్నలూ వేసి, తానే జవాబు చెప్పుకున్నారు. మైదానం కణ్ణూరు, 1976లో కేరళ ప్రభుత్వం ఆడపిల్లలకోసం అక్కడ క్రీడావిభాగం తెరిచింది. మాస్టారు నంబియార్. పుట్టింటికి వచ్చి, పిల్లకు జడవేస్తున్న అప్ప తలెత్తకుండానే, "మరి ఆ పిల్లని కణ్ణూరు పంపినదెవరు నాన్నగారూ?" అంది.

నాన్నగారి దగ్గర జవాబు లేదు. ఆయన చరిత్రశాస్త్రంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. మైదానం, మాస్టారు ఉంటే చాలుననుకున్నారు. మైదానం ఉండి, మాస్టారు ఇంటికి వచ్చి అడిగి కూడా, ఆట ఆగిపోవచ్చునని ఆయన లెక్కలోకి రాలేదు. ఆగిపోయినది తన ఇంట్లోనే.

పదహారేళ్ళు గడిచాయి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారిగా ఒలింపిక్స్‌లో చేరిన ఆ ఏడాదే, కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ స్త్రీ ఆమే. అంతకుముందే 1994, 1995లలో ప్రపంచవిజేత. పెరిగినది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. కోడి రామమూర్తిగారు పుట్టిన వీరఘట్టం అప్పటికి అదే శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది.

మరునాడు ఉదయం నాన్నగారు పత్రికను బిగ్గరగా చదవలేదు. తానొక్కరే చాలాసేపు చూచారు. అప్ప కాపురముంటున్నది అదే ఊళ్ళో రెండు వీధులవతల. కబురుపెట్టి పిలిపించి పత్రిక ఆమె చేతికిచ్చి, "చదువమ్మా" అన్నారు. అప్ప ఆసాంతం చదివింది. మాస్టారు నీలంశెట్టి అప్పన్నగారు అన్నది వచ్చినప్పుడు నాన్నగారు తలపంకించారు. మల్లీశ్వరినీ ఆమె అక్కచెల్లెళ్ళనూ పట్టుదలగా ఆటలోకి పంపినది తల్లి అన్నది కూడా అప్పుడే మాటల్లోకి వచ్చింది. నాన్నగారు కొంతసేపు ఊరుకొని, "ఆ పిల్ల తల్లి గట్టిదమ్మా" అన్నారు.

వంటింట్లోంచి అమ్మ అంది: "నేనూ గట్టిదాన్నే. నన్నడిగినదెవరు?"

ఆయన ఆ తరువాత బరువులెత్తడంమీద గాని, ఆడపిల్లల పరుగుమీద గాని ఒక్క తీర్పు కూడా చెప్పలేదు. నేను తప్పు అన్నానని ఆ తరం తండ్రులు పిల్లల ముందు చెప్పరు. కాని మల్లీశ్వరి బొమ్మను కత్తిరించి రామమూర్తిగారి బొమ్మ పక్కన అతికించారు. అంతవరకు ఆ గోడమీద నాయుడుగారికీ రహీంగారికీ తప్ప రెండవ వరుసలో చోటు లేదు.

చివరి ఏళ్ళలో ఆయన వార్తలు చదివే తీరు మారింది. 2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ గెలిచాడు. తాను త్రాగని శీతలపానీయానికి ప్రచారం చెయ్యనన్నాడని తెలిసి నాన్నగారు మురిసిపోయారు. 2002లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. ఆమెకు చదరంగం నేర్పిన గురువు తండ్రి అశోక్‌గారే. కూతురికోసం అధ్యాపకోద్యోగం వదులుకున్నారు. ఈ సంగతి చదివి నాన్నగారు, "మాస్టారూ ఆయనే, పంపినవాడూ ఆయనే" అన్నారు. అప్ప వేసిన మూడవ ప్రశ్నను ఆయన నోట విన్నది నేను ఆ ఒక్కసారే.

ఆయన పోయిన తరువాతి చరిత్రను ఆ మూడు ప్రశ్నలతోనే చదువుతున్నాను. 2008లో గోపీచంద్ హైదరాబాదులో అకాడమీ తెరిచాడు, గెలిచినవాడు మాస్టారయ్యాడు. అక్కడ నేర్చుకున్న పి.వి. సింధు 2016లో రియోలో రజతం, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2019లో ప్రపంచవిజేత పదవి సాధించింది. ఆమె తండ్రి రమణగారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో ఆడినవారు, తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణే. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగులో ప్రపంచవిజేత అయింది. మైదానానికి చేయిపట్టి తీసుకువెళ్ళినది తండ్రి. మొదటి తరంలో మైదానం రాజుల చేతిలో ఉన్నది. రెండవ తరంలో దానిని మాస్టర్లు అడిగి తీసుకున్నారు. ఈ తరంలో గడపదాటించే తల్లిదండ్రులు తోడయ్యారు. తెలుగువారి ఆటల చరిత్రను నన్ను మూడు వాక్యాల్లో చెప్పమంటే ఇవే చెబుతాను. ఇందులో మొదటి రెండూ నాన్నగారివి.

2023 జూలైలో బాంకాక్‌లో ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి నూరు మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇళ్ళలో పనిచేసి పిల్లను పెంచింది. బళ్ళో ఉండగా ఆమె కాళ్ళలోని వేగాన్ని గుర్తించినది వ్యాయామోపాధ్యాయుడే. ఆ పరుగు అప్పకు ఫోనులో చూపించాను. అరవైయారేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ పెట్టమని నాలుగుసార్లు చూచింది. ఆ తరువాత వరుసగా అడిగింది. మైదానమెక్కడ? చెప్పాను. మాస్టారెవరు? చెప్పాను.

"పంపినదెవరురా?"

"వాళ్ళమ్మా, నాన్నా అప్పా. ఇద్దరూ."

"మంచివాళ్ళు" అని ఫోను నా చేతికిచ్చి, అయిదవసారి పెట్టమంది.